అప్పుడప్పుడు కూసే బజర్

అందరికీ నమస్కారం. ముందు ఈ సీసా ఒకసారి చూసి పక్కవాళ్ళకి అందించండి. ఆవకాయ సీసానే, కానీ లోపల ఆకుపచ్చగా జుట్టు ముడిలా కనిపిస్తున్నది గాలం దారం. మూత మాత్రం తీయకండి, గేర్ ఆయిల్ కంపు ఒక పట్టాన చేతికి వదలదు. ఈ దారం వల్ల నాకు ఒక వేసవి మొత్తం పోయింది, అనవసరంగా రెండు స్విచ్‌లు మార్చాను, మా మామగారి దగ్గర పరువు కూడా కొంత పోయింది. అదెలాగో చెప్పడానికే ఇలా నిలబడ్డాను.

నాది పాత బోటు. 19 అడుగులు, కార్బురేటర్ ఉన్న వీ6 పెట్రోల్ ఇంజిన్, స్టెర్న్ డ్రైవ్. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, స్టెర్న్ డ్రైవ్ అంటే ఇంజిన్ బోటు లోపల వెనక వైపు ఉంటుంది, గేర్లూ ప్రొపెల్లరూ ఉండే కాలు లాంటి భాగం బయట నీళ్ళలో వేలాడుతూ ఉంటుంది. ఆ కాలు లోపల గేర్ ఆయిల్ ఉంటుంది, దానికి ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇంజిన్ మీద బిగించి ఉంటుంది. ఆ డబ్బాని గుర్తు పెట్టుకోండి, నేను పెట్టుకోలేదు.

ఇండియా నుంచి అత్తగారూ మామగారూ వచ్చిన మొదటి శనివారం, పొద్దున్నే ఎండ ముదరకముందే తిప్పుకొద్దామని అట్లాంటా దగ్గరి లేక్ లనీర్‌కి తీసుకెళ్ళాను. డాక్ దాటి, అల లేపకుండా నెమ్మదిగా వెళ్ళమనే నో వేక్ బోర్డులు దాటి, థ్రాటిల్ ముందుకు నెట్టగానే ముక్కు పైకి లేచింది, అదే క్షణంలో డాష్‌బోర్డు కింది హెచ్చరిక బజర్ కీఁ అని నాలుగు సెకన్లు కూసి ఆగింది. మామగారు వెనక్కి తిరిగి, "అల్లుడుగారూ, మీ ఫోన్ మోగుతున్నట్టుంది" అన్నారు. అవునండీ అని ఫోన్ తీసి చూసినట్టు నటించాను. గేజీలు చూస్తే ఆయిల్ ప్రెషర్ బాగుంది, టెంపరేచర్ ఇంకా సగానికి కూడా రాలేదు. అరగంట తిరిగాం, మళ్ళీ మోగలేదు. మర్నాడు పొద్దున పక్క బోటు వదిలిన అల మీద ఎగిరినప్పుడు మళ్ళీ రెండు కూతలు.

ఆ చెరువు చిన్నదేం కాదు. చట్టహూచీ నది మీద బ్యూఫోర్డ్ డ్యామ్ 1956లో పూర్తయ్యాక నిండిన రిజర్వాయర్ అది, చుట్టూ ఒడ్డు పొడవే దాదాపు 690 మైళ్ళు. నడిమధ్యలో ఇంజిన్ ఆగిపోతే పెద్దవాళ్ళతో కూర్చుని టోయింగ్ బోటు కోసం ఎదురు చూడాలి. టెన్షన్ అక్కడ.

ఇక్కడ ఆగి అసలు ఆ బజర్ ఎలా పనిచేస్తుందో చెప్పాలి, ఇది తెలియకే నేను డబ్బు తగలేశాను. నా ఇంజిన్ లాంటి పాత వాటిలో డాష్‌బోర్డు కింద ఒకే ఒక బజర్ ఉంటుంది, దానికి మూడు స్విచ్‌లు. ఒకటి ఇంజిన్ ఆయిల్ ప్రెషర్ మరీ తగ్గితే కలుస్తుంది, నా ఇంజిన్‌లో సుమారు 4 పీఎస్‌ఐ దగ్గర. రెండోది ఇంజిన్ వేడి సుమారు 200 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే కలుస్తుంది. మూడోది ఇందాక చెప్పిన ప్లాస్టిక్ డబ్బాలో ఉండే బెండు, డబ్బాలో గేర్ ఆయిల్ తగ్గితే అది కిందికి దిగి కలుస్తుంది. మూడింటి వైరూ ఒకటే. మూడు గుమ్మాలున్న ఇంటికి ఒకటే కాలింగ్ బెల్ పెట్టినట్టు, మోగితే ఏ గుమ్మం దగ్గర ఎవరున్నారో బెల్లుకి తెలియదు. పైగా ఈ స్విచ్‌లన్నీ ఆ వైరుని ఇంజిన్ బాడీకి తగిలించడం ద్వారానే బజర్ని మోగిస్తాయి కాబట్టి, ఎక్కడైనా వైరు తొడుగు రాసుకుపోయి రాగి ఇనుముకి తగిలినా ఇదే కూత.

తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఉంచితే బజర్ మోగుతుంది కదా, చాలామంది దాన్ని చూసి భయపడతారు. ఇంజిన్ తిరగనప్పుడు ఆయిల్ ప్రెషర్ సున్నా, అందుకే మోగుతుంది, స్టార్ట్ అయ్యాక ఆగిపోతుంది. అది మోగకపోతేనే భయపడాలి, అంటే బజర్ చచ్చిపోయిందన్నమాట, లేదా ఇంతకుముందు ఓనరు చిరాకేసి వైరు పీకేసి అమ్మాడన్నమాట. సెకండ్ హ్యాండ్ బోటు చూడడానికి వెళ్ళేవాళ్ళు ముందు తాళం తిప్పి ఈ ఒక్క శబ్దం వినండి.

సరే, నా కథ. ఒక షాపుకి తీసుకెళ్ళాను. అప్పుడప్పుడు మోగుతోందంటే ఆయిల్ స్విచ్ పోయుంటుంది, ఈ మోడళ్ళలో మామూలే అని మార్చారు. రెండు వారాలు హాయిగా ఉంది. మూడో వారం మళ్ళీ కీఁ. ఈసారి నేనే టెంపరేచర్ స్విచ్ కొని బిగించాను, ఆ మధ్యాహ్నం మూడు గంటలు తిప్పినా చప్పుడు లేదు, గెలిచాననుకున్నాను. తర్వాతి ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మళ్ళీ మోగింది. అప్పుడు ఇంటికొచ్చి షాపు బిల్లు తీసి చదివితే, కింద చివరి లైన్లో "గేర్ లూబ్ టాప్ ఆఫ్" అని ఉంది. వాళ్ళు స్విచ్ మార్చి, మర్యాదకి డబ్బాలో కాస్త ఆయిల్ పోసి పంపారు. నా రెండు వారాల ప్రశాంతత కొత్త స్విచ్ వల్ల వచ్చింది కాదు, ఆ కాస్త ఆయిల్ వల్ల వచ్చింది. బిల్లు మొదటిరోజే మొత్తం చదివి ఉంటే ఈ ప్రసంగమే ఉండేది కాదు.

ఆగి ఆగి మోగే అలారంతో బాధ ఇదే. ఏ పార్టు మార్చినా ఆ తర్వాత కొన్నాళ్ళు మోగదు, ఎందుకంటే మార్చకపోయినా కొన్నాళ్ళు మోగేది కాదు. కాబట్టి రెంచ్ పట్టుకునే ముందు నోటుబుక్కు పట్టుకోవాలి. మోగిన ప్రతిసారీ టైం, ఇంజిన్ ఎంతసేపటి నుంచి తిరుగుతోంది, ఎంత ఆర్పీఎం, బోటు ఏం చేస్తోంది, గేజీలు ఎంత చూపిస్తున్నాయి, ఇంతే రాయండి. రాసే ఓపిక లేకపోతే ఫోన్‌లో వీడియో ఆన్ చేసి డాష్‌బోర్డు వైపు తిప్పి పెట్టండి, శబ్దం కూడా పడుతుంది. నేను ఏడుసార్లు రాశాను. ఏడూ పొద్దున్నే, స్టార్ట్ చేసిన పది నిమిషాల లోపల, ముక్కు లేచినప్పుడో అల మీద ఎగిరినప్పుడో. ఒక్కటీ మధ్యాహ్నం కాదు. వేడి వల్ల మోగేదైతే వేడెక్కాక మోగాలి కదా, నాది చల్లగా ఉన్నప్పుడు మాత్రమే మోగుతోంది. ఆ కాగితం చూస్తూ కూర్చుంటే అప్పటికి బుర్ర వెలిగింది: గేర్ ఆయిల్ వేడెక్కితే వ్యాకోచిస్తుంది, డబ్బాలో మట్టం పైకొస్తుంది, బెండు తేలుతుంది. పొద్దున్న చల్లగా ఉంటే మట్టం గీత దగ్గరే ఊగిసలాడుతుంది, బోటు కుదిపితే బెండు కిందికి కొట్టుకుని కూస్తుంది.

అనుమానం వేరు, రుజువు వేరు. రెండుసార్లు చెయ్యి కాల్చుకున్నవాణ్ణి కాబట్టి ఈసారి మూడు చిన్న 12 వోల్టుల ఎల్‌ఈడీ దీపాలు కొన్నాను. మూడు స్విచ్‌ల వైర్లూ ఉమ్మడి వైరు నుంచి విడదీసి, ఒక్కో స్విచ్‌కి ఒక్కో దీపం కలిపి, పొడుగు వైర్లతో డాష్‌బోర్డు మీదికి తెచ్చి తెల్ల టేపు మీద ఆయిల్, వేడి, గేర్ అని రాసి అంటించాను. ఆ ప్రయాణంలో బజర్ ఉండదు కాబట్టి గేజీల మీద కళ్ళు పెట్టుకుని, ఒడ్డుకి దగ్గరలోనే తిప్పాలి. మా అబ్బాయిని దీపాల ముందు కూర్చోబెట్టాను. థ్రాటిల్ నెట్టాను, ముక్కు లేచింది, "నాన్నా, మూడోది! మూడోది!" అని అరిచాడు. కన్ను కొట్టినట్టు రెండుసార్లు వెలిగి ఆరింది.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పేస్తాను. పెట్రోల్ ఇంజిన్ ఉన్న గదిలో ఆవిరి కింద పేరుకుని ఉంటుంది, అక్కడ వైర్లు కెలికితే వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. ముందు మూత తెరిచి వాసన చూడండి, ఆ ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్, అదే బ్లోయర్, కనీసం నాలుగు నిమిషాలు వేయండి, బ్యాటరీ స్విచ్ ఆపి అప్పుడు వైర్లు ముట్టుకోండి. చవగ్గా వస్తుంది కదా అని కారు ఆల్టర్నేటరో, కారు స్టార్టరో తెచ్చి బిగించకండి, బోటువి లోపలి నిప్పురవ్వ బయటి ఆవిరికి అంటుకోకుండా వేరేగా చేస్తారు.

దీపం వెలిగింది, గేర్ ఆయిల్ తక్కువ అని తేలింది, డబ్బా నింపేసి ఇంటికెళ్ళిపోవచ్చు. చాలామంది అంతటితో ఆపుతారు. కానీ ఆ ఆయిల్ ఇంజిన్ ఆయిల్‌లా కాలిపోయేది కాదు, మూసి ఉన్న గేర్ల పెట్టెలో ఉండేది. తగ్గిందంటే ఎక్కడో బయటికి పోతోంది, అది పోయే దారిలోనే నీళ్ళు లోపలికి వస్తాయి. బోటు బయటికి లాగి, డ్రైవ్ కింది స్క్రూ, పై స్క్రూ తీస్తే వచ్చిన ఆయిల్ పాలెక్కువైన కాఫీ రంగులో ఉంది. నీళ్ళు చేరాయన్నమాట, ఇంకో సీజన్ అలాగే నడిపితే బేరింగులు తుప్పు పట్టేవి. ప్రొపెల్లర్ విప్పాను. షాఫ్టు చుట్టూ, ఆయిల్ బయటికి పోకుండా, నీళ్ళు లోపలికి రాకుండా ఆపే సీల్‌ని ఒరుసుకుంటూ, ఎన్నాళ్ళ నుంచి చుట్టుకుందో తెలియదు, ఆ సీసాలో ఉన్న దారం. తిరిగి తిరిగి రబ్బరు సీల్‌ని కోసేసింది. అన్నట్టు, ఆ వేసవి అంతా పొద్దున్నే డాక్ దగ్గర నా బోటు వెనక నీళ్ళ మీద నెమలి కన్ను రంగులు తేలుతూ ఉండేవి, పక్కాయన బోటు కారుతోందని మనసులో ఆయన్ని తిట్టుకునేవాణ్ణి. క్షమాపణ చెప్పాను, ఆయనకి విషయం అర్థం కాలేదు.

అందరి బోట్లలోనూ ఇదే ఉంటుందని కాదు. మా ఫ్రెండ్‌ది ఔట్‌బోర్డ్, అంటే ఇంజిన్ మొత్తం బోటు వెనక బయటే బిగించి ఉంటుంది, అది నెమ్మదిగా వెళ్తున్నప్పుడు మోగేది, స్పీడ్ పెంచితే ఆగేది. నీళ్ళు తోడే పంపులో రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు అరిగితే అలా అవుతుంది, తక్కువ ఆర్పీఎంలో నీళ్ళు చాలవు. ఇంజిన్ పక్క నుంచి వచ్చే సన్నటి నీళ్ళ ధార బలహీనపడిందేమో చూస్తే తెలిసిపోతుంది. ఆయన డ్రైవ్‌వేలో నీళ్ళు పెట్టకుండా ఒక్క నిమిషం స్టార్ట్ చేసి చూశాడట, ఆ నిమిషమే చాలు ఇంపెల్లర్ మాడిపోవడానికి. విరిగిన రెక్క ముక్కలు లెక్కపెట్టి దొరికించుకోవాలి, లేకపోతే అవి లోపల దారుల్లో ఇరుక్కుని కొత్త ఇంపెల్లర్ వేశాక కూడా వేడెక్కిస్తాయి. స్పీడ్‌లో మాత్రమే మోగి, థ్రాటిల్ తగ్గించగానే ఆగిపోతే నీళ్ళు పీల్చుకునే రంధ్రాల మీద ప్లాస్టిక్ సంచి అంటుకుందేమో అనుమానించండి. పీల్పు ఉన్నంతసేపు అతుక్కుని ఉంటుంది, ఆపగానే జారిపోతుంది, వంగి చూసేసరికి దొంగ పరారు.

బాగా వేడెక్కాక న్యూట్రల్‌లో ఉన్నప్పుడు మోగితే ఆయిల్ ప్రెషర్ గురించి ఆలోచించాలి. డాష్‌బోర్డు గేజీని నమ్మకండి, స్విచ్‌ని కూడా తిట్టకండి, స్విచ్ తీసిన రంధ్రంలో మెకానికల్ గేజ్ పెట్టి కొలిపించండి. ప్రెషర్ నిజంగానే బాగుంటే అప్పుడు స్విచ్ మార్చండి. కంప్యూటర్ ఉన్న కొత్త ఇంజిన్లలో కూతల వరసకి అర్థం ఉంటుంది, మాన్యువల్లో రాసి ఉంటుంది, పాత కోడ్లు స్కానర్‌తో తీయొచ్చు. వాటిలో బ్యాటరీ టెర్మినల్ తుప్పు పట్టినా, ఎర్త్ వైరు వదులైనా లేనిపోని అలారాలు వస్తాయి, ముందు అక్కడ చెయ్యి పెట్టండి.

నీళ్ళ మీద మోగితే ఏం చేయాలి అని ఇందాక ఒక అన్న అడిగారు. థ్రాటిల్ వెంటనే న్యూట్రల్‌కి, కళ్ళు గేజీల మీదికి. ఆయిల్ ప్రెషర్ పడిపోయి ఉంటే వెంటనే ఆపేయండి, ఇంకొంచెం దూరమే కదా డాక్ అనుకోకండి, ఆ కొంచెం దూరంలోనే ఇంజిన్ పోతుంది. లంగరు వేసి, అందరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయో లేదో చూసి, తర్వాత తీరిగ్గా టోయింగ్‌కి ఫోన్ చేయండి.

సీల్‌లు మార్పించాక అలారం మళ్ళీ రాలేదు. ఇప్పుడు సీజన్‌కి రెండుసార్లు ప్రొపెల్లర్ విప్పి చూస్తున్నాను, పావుగంట పని. మొన్న విప్పితే ఇంకో జానెడు దొరికింది, సీసాలో పైన తెల్లగా ఉన్న ముక్క అదే. ఇంతకీ సీసా ఎవరి దగ్గరుంది?