రాత్రి రెండింటికి మోగే ఫోన్‌కు జవాబు చెప్పే చదువు

అందరికీ నమస్కారం.

ఇక్కడ ఎక్కువమంది లైఫ్ సైన్సెస్‌లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లని, పాథాలజీ, ట్రాన్స్‌ఫ్యూజన్ మెడిసిన్ పీజీలు కొందరున్నారని నిర్వాహకులు చెప్పారు. కాబట్టి ఇమ్యునాలజీ పాఠం మొదటి నుంచి చెప్పను. అవయవ మార్పిడికి ముందు దాతకూ రోగికీ పొసగుతుందో లేదో తేల్చే ల్యాబ్ ఒకటుంటుంది. దాన్ని హెచ్ఎల్ఏ ల్యాబ్ అంటారు. హెచ్ఎల్ఏ అంటే కణాల మీద ఉండి, ఇది మనదో పరాయిదో శరీరానికి తెలిపే ప్రొటీన్లు. అమెరికాలో దానికి డైరెక్టర్ కావాలంటే చేయాల్సిన ఫెలోషిప్ గురించి మాట్లాడతాను. నేను ఆ దారిలోనే వచ్చాను. ఇలాంటి ఉద్యోగం ఒకటుందని పీహెచ్‌డీ పూర్తయ్యేదాకా నాకూ తెలియదు.

మా అమ్మ ఇరుగుపొరుగుతో "మావాడు కిడ్నీలకు జాతకాలు చూస్తాడు" అంటుంది. సగం నిజమే. జాతకాల్లో ఎన్ని పొంతనలు కుదిరాయో చూస్తారు. మేం అంతకంటే ముందు, రోగి రక్తంలో ఈ దాత మీద యాంటీబాడీలు ఇప్పటికే తయారై ఉన్నాయా అని చూస్తాం. హెచ్ఎల్ఏ అంతగా కలవకపోయినా మందులతో కిడ్నీని నెట్టుకురావచ్చు. బలమైన యాంటీబాడీ ముందే ఉంటే మాత్రం ఆపరేషన్ టేబుల్ మీదే కిడ్నీ నల్లబడిపోవచ్చు.

ఈ సంగతిని అంకెల్లో చూపించింది 1969లో పటేల్, టెరాసాకి అనే శాస్త్రవేత్తలు రాసిన పేపర్. రోగి రక్తంలో దాత మీద యాంటీబాడీ ఉందా అని చూసే పరీక్ష క్రాస్‌మ్యాచ్. అది పాజిటివ్‌గా ఉన్నా కిడ్నీ పెట్టిన 30 మందిలో 24 మందికి ఆ కిడ్నీ వెంటనే పోయింది. నెగటివ్ వచ్చిన 195 మందిలో అలా పోయింది 8 మందికే. అప్పటి పరీక్ష చాలా సింపుల్. దాత లింఫోసైట్ల (ఒక రకం తెల్ల రక్తకణాల) మీద రోగి సీరం వేయడం, కుందేలు కాంప్లిమెంట్ (యాంటీబాడీ అంటుకున్న కణాన్ని చంపే రక్త ప్రొటీన్లు) కలపడం, కణాలు చచ్చాయా బతికాయా అని మైక్రోస్కోపులో చూడడం, అంతే. ఒక్క మైక్రోలీటరు సీరంతో ఈ పని జరిగేలా 1964లో చేసింది టెరాసాకియే. ఆయన చిన్నతనంలో, రెండో ప్రపంచయుద్ధకాలంలో, జపనీస్ మూలాలున్న కుటుంబమని అమెరికా ప్రభుత్వం వాళ్లను శిబిరంలో నిర్బంధించింది. అదే దేశపు ట్రాన్స్‌ప్లాంట్ ల్యాబుల్లో దశాబ్దాల పాటు ఆయన పేరుతోనే ఈ పరీక్ష చేసే ట్రేలు నడిచాయి.

ఇక శిక్షణ సంగతి. అమెరికాలో 1988లో వచ్చిన క్లియా చట్టం క్లినికల్ ల్యాబుల్లో ఎవరు ఏ పని చేయవచ్చో నిర్ణయిస్తుంది. హెచ్ఎల్ఏ పరీక్షల బాధ్యత తీసుకోవాలంటే ఎండీ గానీ పీహెచ్‌డీ గానీ ఉండాలి. దాని మీద నాలుగేళ్లు ఈ రంగంలోనే పనిచేసి ఉండాలి, లేదా రెండేళ్లు ఇమ్యునాలజీ, రెండేళ్లు హిస్టోకంపాటిబిలిటీ చేసి ఉండాలి. నిబంధనలు మారుతుంటాయి కనుక అప్లై చేసే ముందు ఒకసారి చూసుకోండి. మీరు గమనించాల్సింది ఆ "గానీ" అన్న మాటను. ఎంబీబీఎస్ చదవని మనిషి, రోగి ఆపరేషన్ విషయంలో సర్జన్‌తో సమానంగా కూర్చుని అభిప్రాయం చెప్పగల చోట్లు వైద్యంలో చాలా తక్కువ. ఇది అందులో ఒకటి. మూడో పోస్ట్‌డాక్ చేస్తూ ఏం చేయాలో తోచనివాళ్లకు ఈ మాట ఎవరూ చెప్పరు, అందుకే గట్టిగా చెబుతున్నాను.

శిక్షణ కార్యక్రమాలను పరిశీలించి ఆమోదించేది అమెరికన్ హిస్టోకంపాటిబిలిటీ సొసైటీ. దాన్ని ఆషీ అంటారు. ఫెలో తాను చూసిన కేసులను ఫైలుగా రాసి వాళ్లకు చూపించాలి. చనిపోయిన దాత కిడ్నీ, బతికున్న దాత కిడ్నీ, గుండె, ఊపిరితిత్తులు, ఎముక మజ్జ, ఇలా ఒక్కో విభాగానికీ విడివిడిగా కేసులుండాలి. ఆ తర్వాత ఏసీహెచ్ఐ అనే సంస్థ బోర్డు పరీక్ష పెడుతుంది. కాగితం మీద ఇంతే.

మొదటి నెలలు బెంచ్ మీదే. డీఎన్ఏ తీయడం, కణాలు వేరుచేయడం, ఫ్లో సైటోమీటర్ అనే మిషన్‌తో ఫ్లో క్రాస్‌మ్యాచ్ పెట్టడం అన్నీ టెక్నాలజిస్టుల పక్కన నిలబడి నేర్చుకోవాలి. పీహెచ్‌డీ ఉందన్న గర్వం అక్కడే దిగిపోతుంది. ఇరవై ఏళ్లుగా అదే పని చేస్తున్న టెక్నాలజిస్టు గ్రాఫ్ చూడగానే "ఈ కణాలు బాలేవు, మళ్లీ పెట్టాలి" అనేస్తుంది. మనకు అది కనిపించడానికి చాలాకాలం పడుతుంది.

అసలు చదువు ఆన్‌కాల్‌లో మొదలవుతుంది. రాత్రి రెండింటికి ఫోన్. వేరే రాష్ట్రంలో గుండె దాత. ఐసులో పెట్టి తెచ్చే గుండె శరీరం బయట నాలుగు, మహా అయితే ఆరు గంటలు నిలుస్తుంది. దాత రక్తం తెప్పించి క్రాస్‌మ్యాచ్ చేసే టైం లేదు. చేతిలో ఉన్నవి దాత హెచ్ఎల్ఏ టైపింగ్, మన రోగి యాంటీబాడీల చిట్టా. ఆ రెండూ పక్కపక్కన పెట్టి ఆ గుండె తీసుకోవచ్చో లేదో చెప్పాలి. దీన్నే వర్చువల్ క్రాస్‌మ్యాచ్ అంటారు.

కొత్త ఫెలో ఎవరైనా "కొంచెం రిస్కుంది" అంటారు. నాకు నేర్పిన డైరెక్టర్ ఆ మాటను జవాబుగా ఒప్పుకునేవారు కాదు. ఏ యాంటీబాడీ? ఎంత బలం? ఎప్పటి సీరంలో చూశావు? ఆ తర్వాత రోగికి రక్తం ఎక్కించారా? ఎక్కించిన రక్తం వల్ల కొత్త యాంటీబాడీలు పుట్టవచ్చు. గుండెకు సాయంగా పంపు పెట్టించుకున్న రోగులకు తరచూ రక్తం ఎక్కిస్తారు. మూడు నెలల కిందటి సీరం శుభ్రంగా ఉన్నా ఇవాళ్టి రక్తం అలా ఉండకపోవచ్చు. ఇన్ని అడిగాక ఆయన చివరి ప్రశ్న ఒకటే: "నువ్వయితే ఏం చెప్తావు?" అప్పుడు వచ్చే టెన్షన్ ఏ వైవాలోనూ రాదు.

ఈ యాంటీబాడీల బలం చెప్పే అంకె గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే ఫెలోషిప్‌లో సగం దీనితోనే గడుస్తుంది. ఇప్పుడు వాడేది పూసల పరీక్ష. ఒక్కో పూస మీద ఒక్కో హెచ్ఎల్ఏ ప్రొటీన్ అతికించి ఉంటుంది. యాంటీబాడీ అంటుకుంటే కాంతి వస్తుంది, దాన్ని ఎంఎఫ్ఐ అనే అంకెగా మిషన్ ఇస్తుంది. 800, 3,000, 15,000, ఇలా. డాక్టర్లు దాన్ని షుగర్ రీడింగ్‌లా చదువుతారు. అక్కడే గొడవ. యాంటీబాడీ మరీ ఎక్కువైతే కాంప్లిమెంట్ అడ్డొచ్చి అంకె తక్కువ చూపిస్తుంది. సీరాన్ని పలుచన చేస్తేనో, ఈడీటీఏ అనే రసాయనం కలిపితేనో అసలు బలం బయటపడుతుంది. ఒకే యాంటీబాడీ పది రకాల పూసలకు అంటుకోగలిగితే వాటి మధ్య పంచుకుపోయి, ప్రతి పూస మీదా బలహీనంగా కనిపిస్తుంది. తయారీలో ప్రొటీన్ ఆకారం చెడిన పూస, ఎన్నడూ రక్తం ఎక్కించుకోని మగవాడి సీరంలో కూడా పాజిటివ్ చూపించగలదు. హెచ్ఎల్ఏ-సి ప్రొటీన్ పూస మీద దండిగా ఉన్నా అసలు కణం మీద తక్కువగానే ఉంటుంది. అందుకే "ఎంత దాటితే వద్దనాలి?" అని అడిగితే ఒక్క అంకె చెప్పే డైరెక్టర్‌ను నేను నమ్మను.

మందులూ మోసం చేస్తాయి. రిటుక్సిమాబ్ అనే మందు తీసుకున్న రోగి సీరంతో దాత బి-సెల్స్ (ఒక రకం లింఫోసైట్లు) మీద క్రాస్‌మ్యాచ్ పెడితే, దాత మీద యాంటీబాడీ లేకపోయినా పాజిటివ్ వస్తుంది. ఆ మందు బి-సెల్‌కు అంటుకోవడమే కారణం. కణాలను ప్రొనేజ్ అనే ఎంజైమ్‌తో శుద్ధిచేసి మళ్లీ చేస్తే తెలుస్తుంది. ఆ సంగతి అనుమానించాలంటే ముందు రోగి ఏ మందులు వాడుతున్నాడో వార్డు నర్సును అడగాలి. ల్యాబ్ తలుపు దాటి బయటికి రాని డైరెక్టర్లకు ఇది ఎప్పటికీ తెలియదు.

మిగతాది నిర్వహణ. కొత్త కిట్ వస్తే పాతదానితో పోల్చి నిరూపించడం, బయటినుంచి పంపే నైపుణ్య పరీక్ష శాంపిళ్లు, తనిఖీలు, నైట్ డ్యూటీల పంపకం. బోరు కొడుతుంది, తప్పదు. అక్కడ డైరెక్టర్ సంతకానికి బరువుంటుంది. 2014 డిసెంబరులో కిడ్నీల పంపిణీ విధానం మార్చినప్పుడు, యాంటీబాడీల వల్ల వందలో 98 మందికి పైగా దాతలు పనికిరాని రోగులకు పెద్ద ప్రాధాన్యం ఇచ్చారు. ఆ ప్రాధాన్యం దక్కాలంటే, రోగికి ఏ హెచ్ఎల్ఏలు కుదరవో రాసిన జాబితా మీద ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరుతో పాటు ల్యాబ్ డైరెక్టర్ కూడా సంతకం పెట్టాలి.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకని ఎవరైనా అనుకుంటూ ఉండవచ్చు. మన దగ్గర కిడ్నీలు ఎక్కువగా ఇస్తున్నది బతికున్న దాతలు, అందులోనూ ఇంట్లోవాళ్లు. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ వచ్చాక బ్రెయిన్‌డెడ్ దాతల అవయవాలు పెరిగినా పెద్ద భాగం ఇంకా ఇదే. భార్యకు కిడ్నీ పాడైతే భర్త ఇస్తానని ముందుకొస్తాడు. బ్లడ్ గ్రూపు కలుస్తుంది. కానీ ఆమె అతని బిడ్డల్ని మోసింది. బిడ్డలోని తండ్రి హెచ్ఎల్ఏ మీద ఆమె శరీరం ఎప్పుడో యాంటీబాడీ తయారుచేసి ఉండవచ్చు. ఇప్పుడు పరీక్షలో తేలకపోయినా జ్ఞాపకం మిగిలే ఉంటుంది. "ఎన్ని కాన్పులు?" అని ల్యాబ్ అడగడం వెనక ఇంత ఉంది. గర్భస్రావాలు కూడా లెక్కే. జంట కుదరకపోతే మరో జంటతో కిడ్నీలు మార్చుకోవడానికి మన అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణ దారి ఇచ్చింది. అలాంటి జంటల్ని కలపగలిగేది యాంటీబాడీలను సరిగ్గా చదివిన ల్యాబే.

ఉద్దానంలో డయాలసిస్ మీద ఉన్నవాళ్లను తలుచుకోండి. హిమోగ్లోబిన్ తగ్గిన ప్రతిసారీ రక్తం ఎక్కిస్తూ పోతే యాంటీబాడీలు పెరిగి, రేపు మార్పిడి అవకాశం వచ్చినప్పుడు కుదిరే దాతలు తగ్గిపోవచ్చు. హిమోగ్లోబిన్ పెంచే ఇంజక్షన్‌తో నెట్టుకురాగలిగిన చోట రక్తం ఎక్కించొద్దని వార్డుకు చెప్పడం కూడా మా పనే.

ఎముక మజ్జ విషయంలో లెక్క వేరు, అక్కడ ముందుగా పూర్తిగా కలిసే దాత కోసం చూస్తారు. తోబుట్టువు కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. అమెరికా రిజిస్ట్రీలో తెల్లవారికి పూర్తి మ్యాచ్ దొరికే అవకాశం 75 శాతమని 2014లో లెక్క వేశారు. దక్షిణాసియా వాళ్లకు అప్పుడు అందులో సగం కూడా లేదని తేలింది. అయితే మనకో ప్రత్యేకత ఉంది. మేనరికాలు జరిగిన ఇళ్లలో తోబుట్టువులు కలవకపోయినా అమ్మానాన్నలు, మేనమామలు, వాళ్ల పిల్లల దాకా చూస్తే మ్యాచ్ తగిలే అవకాశం మామూలు కుటుంబాల కంటే ఎక్కువ. అక్కడి పాఠ్యపుస్తకం ఇది నొక్కి చెప్పదు. వంశవృక్షం గీయమని అడగాల్సింది మనమే.

అప్లై చేయాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. సీట్లు తక్కువ, పెద్దగా ప్రకటనలూ ఉండవు. శిక్షణకు ఆమోదం ఉన్న ల్యాబుల డైరెక్టర్లకు నేరుగా రాయండి. హెచ్ఎల్ఏ మీదే పీహెచ్‌డీ చేసి ఉండాల్సిన పనిలేదు, ఇమ్యునాలజీయో జెనెటిక్సో గట్టిగా ఉంటే చాలు. రాసే ముందు ఇక్కడే ఒక హెచ్ఎల్ఏ ల్యాబ్‌లో కొన్ని వారాలు కూర్చుని రండి, ఆ అనుభవం ఉత్తరంలో కనిపిస్తుంది. బ్రిటన్ వైపు చూసేవాళ్లకు అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ పాథాలజిస్ట్స్ ఇదే సబ్జెక్టులో పరీక్ష పెడుతుంది.

వీసా గురించి మాత్రం నన్ను అడగకండి, అది లాయర్లకే సరిగా అర్థంకాని సబ్జెక్టు. మిగతావి ఏవైనా అడగండి.