మూడేళ్ల పాపకి నిక్కరు, బుజ్జి సంచి కుట్టడం

నమస్తే అండి. ముందు ఈ నిక్కరు చూడండి. బయటి వైపు కాదు, ఇదిగో, తిరగేసి చూపిస్తున్నాను. పిల్లల బట్ట ఎలా కుట్టారో తెలియాలంటే నేను మొదట ఇలా తిరగేస్తాను. బయటి పువ్వులు మన కళ్ల కోసం. పాప ఒంటికి తగిలేది ఈ లోపలి కుట్టు. పోగులు లేచి గుచ్చుకుంటున్నాయని ఆ వయసు పిల్లలు చెప్పలేరు. వేసుకోనని ఏడుస్తారు, మనమేమో మొండితనం అనుకుంటాం.

ఈ రోజు మూడేళ్ల పాపకి ఎలాస్టిక్ నిక్కరు, మిగిలిన బట్టతో ఒక చేతిసంచి కుడదాం. మెత్తటి కాటన్ 1 మీటరు చాలు. మెషిన్‌కి 14వ నంబరు సూది పెట్టాను. ఈ డబ్బాలో గుండుసూదులు 12 ఉన్నాయి. లెక్కపెట్టి మరీ చెప్తున్నాను, ఎందుకో తర్వాత తెలుస్తుంది.

కొత్త బట్టని తెచ్చిన వెంటనే కత్తిరించకండి. కాటన్ ఉతికితే నూటికి 3 నుంచి 5 పాళ్లు ష్రింక్ అవ్వడం మామూలే. మీటరుకి 5 సెంటీమీటర్ల దాకా పోయిందంటే పెద్దవాళ్ల బట్టలో తెలియకపోవచ్చు, ఇంత చిన్న నిక్కరులో బాగా తెలుస్తుంది. తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పట్టుకోండి.

ఇప్పుడు కొలతలు. పాప వెంట టేపు పట్టుకుని పరిగెత్తక్కర్లేదు. ఇప్పుడు సరిపోతున్న పాత నిక్కరు ఒకటి తీసుకోండి. నిలువుగా మధ్యకి మడిచి, నడుం దగ్గర ఎలాస్టిక్‌ని పూర్తిగా సాగదీసి, న్యూస్‌పేపర్ మీద పరిచి చుట్టూ గీత గీయండి. ముందు భాగం ఒకసారి, వెనక భాగం ఒకసారి, రెండూ విడిగా. వెనక సీటు ముందు కన్నా ఎత్తుగా ఉంటుంది చూడండి. ఈ తేడా ఉండబట్టే పాప గొంతుకూర్చున్నప్పుడు నిక్కరు కిందికి జారదు. రెండు కాగితాలనీ పక్క అంచుల దగ్గర కలిపి అతికించేస్తే పక్క కుట్టే ఉండదు. ఒక కుట్టు తగ్గితే గుచ్చుకునేది కూడా తగ్గినట్టే కదా.

ఈ గీతకి బయట కుట్టు కోసం చుట్టూ 1.2 సెంటీమీటర్లు, నడుం దగ్గర 3.5, కింద కాళ్ల దగ్గర 5 వదలండి. కింద అంత ఎందుకంటే పిల్లలు లావయ్యే దాని కన్నా పొడవు త్వరగా పెరుగుతారు. లోపల మడత ఉంటే తర్వాత విప్పుకోవచ్చు.

కాగితాన్ని పడుగు పోగుల వెంట, అంటే బట్ట పక్కనుండే నేత అంచుకి సమాంతరంగా నిలువుగా పెట్టండి. ఇక్కడ జాగ్రత్త. రెండు ముక్కలు కావాలి కదా, ఒకటి కత్తిరించాక కాగితాన్ని బోర్లా తిప్పి రెండోది కత్తిరించాలి. నేను మొదటిసారి తిప్పలేదు. పూల బట్టలో రెండూ కుడి కాళ్లే వచ్చాయి! ఇప్పుడు బట్టనే రెండు మడతలు వేసి ఒకేసారి కత్తిరిస్తున్నాను. ఇక తప్పు జరగదు.

ఇక అసలు పని, లోపలి కాలి కుట్టు. దీన్ని ఫ్రెంచ్ సీమ్ అంటారు. చూడ్డానికి తప్పు చేస్తున్నట్టే ఉంటుంది. ఎందుకంటే మొదట బట్ట లోపలి వైపులు ఒకదానికొకటి ఆనేలా పెట్టి, అంచు నుంచి 5 మిల్లీమీటర్ల దూరంలో కుట్టాలి. కుట్టు బయటికే కనిపిస్తుంది, కంగారు పడకండి. కుట్టు దాటి ఉన్న బట్టని 3 మిల్లీమీటర్లే ఉంచి కత్తిరించండి. ఇప్పుడు తిరగేసి, కుట్టు సరిగ్గా అంచు మీదికి వచ్చేలా ఇస్త్రీ చేసి, 7 మిల్లీమీటర్ల దూరంలో మళ్లీ కుట్టండి. పోగులన్నీ ఈ రెండు కుట్ల మధ్య గొట్టంలో బందీ. ఇక్కడ వేలు పెట్టి రుద్ది చూడండి. అంచుల్లో పోగులు లేవకుండా కుట్టే ఓవర్‌లాక్ మెషిన్ లేదని బాధపడేవాళ్లకి ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తెలియదు.

రెండు కాళ్లూ అయ్యాయి. ఒక కాలిని బట్ట పై వైపు, అంటే పూల వైపు, బయటికి వచ్చేలా తిప్పి, తిప్పని రెండో కాలి లోపలికి దూర్చండి. కాళ్ల మధ్య వంపు ముందు నుంచి వెనక దాకా ఒకే గీతలా వస్తుంది. ఇక్కడ నేను ఫ్రెంచ్ సీమ్ వెయ్యను. ఇంత వంపులో అది లావుగా, మొండిగా తయారవుతుంది. గీత మీద ఒక కుట్టు, అంచు వైపు 3 మిల్లీమీటర్లు జరిగి ఇంకొకటి, ఆపైన జిగ్‌జాగ్, అంటే వంకర్ల కుట్టు. పాప కూర్చుని లేచే బరువంతా ఈ కుట్టు మీదే పడుతుంది కాబట్టి దారం దగ్గర పిసినారితనం వద్దు.

నడుము తేలిక. 1 సెంటీమీటరు ఒకసారి, 2.5 ఇంకోసారి మడిచి, వెనక వైపు 4 సెంటీమీటర్ల సందు వదిలి కుట్టండి. ఎలాస్టిక్ 2 సెంటీమీటర్ల వెడల్పుది. పాప నడుము 50 అనుకుంటే, 4 తగ్గించి, అతకడానికి 2 కలిపి, 48 కత్తిరించాను. పిన్నీసు గుచ్చి పట్టీలోకి ఎక్కించండి. రెండో కొస కూడా లోపలికి పోకుండా బట్టకి ఒక గుండుసూదితో ఆపండి, లేకపోతే మళ్లీ మొదటికే వస్తాం. కొసలు అతికి, సందు కుట్టేటప్పుడు వెనక మధ్యలో ఒక రిబ్బన్ ముక్క పెట్టండి. ఏది వెనకో పాపకే తెలుస్తుంది, సొంతంగా వేసుకుంటుంది. కాళ్ల దగ్గర 1, ఆ తర్వాత 4 మడిచి కుట్టేయండి.

బొందు పెట్టమని అడిగేవాళ్లుంటారు. నడుము సంగతి అలా ఉంచి, మెడ దగ్గర, టోపీకి మాత్రం అస్సలు వద్దు. ఎక్కడైనా చిక్కుకుంటే గొంతు బిగుసుకుంటుంది. యూరప్‌లో పిల్లల బట్టలకి ఉన్న ఈఎన్ 14682 ప్రమాణం 7 ఏళ్ల లోపు పిల్లలకి ఆ రెండు చోట్లా బొందులు ఉండకూడదనే చెప్తుంది. బొత్తాలు కూడా అంతే, మూడేళ్ల లోపు పిల్లలు పీకి నోట్లో పెట్టుకుంటారు. అందం కావాలంటే గుడ్డతో పువ్వు కత్తిరించి అతికి కుట్టండి.

మెడకి చిక్కుకోకూడదనే సంచికి కూడా పొడవాటి భుజం పట్టీ కాకుండా, 25 సెంటీమీటర్ల చేతిపట్టీలు రెండు పెడుతున్నాను. పై బట్ట, లైనింగ్ రెండేసి ముక్కలు, ఒక్కొక్కటి 24 వెడల్పు, 28 పొడవు. లైనింగ్‌కి పాత చొక్కా చాలు, ఉతికి ఉతికి అదే మెత్తబడి ఉంటుంది. రెండింటినీ మూడు వైపులా విడివిడిగా కుట్టండి. లైనింగ్‌కి మాత్రం అడుగున 10 సెంటీమీటర్లు తెరిచి ఉంచాలి. పై సంచిని పై వైపు బయటికి తిప్పి, తిప్పని లైనింగ్‌లోకి దూర్చండి. పట్టీల్ని రెండింటి మధ్య కిందికి వేలాడేలా పెట్టి, మూతి చుట్టూ కుట్టండి. ఇక్కడ మడతలు ఎక్కువ కాబట్టి 16వ నంబరు సూదికి మారాను. ఇప్పుడు ఆ తెరిచిన చోటు నుంచి మొత్తం బయటికి లాగండి... వస్తోంది... చూశారా! లోపల ఒక్క పోగు లేదు. ఆ సందుని చేత్తో కుట్టేస్తే సరి.

ఇప్పుడు గుండుసూదుల లెక్క. పది, పదకొండు... పదకొండే ఉన్నాయి. ఒక్క నిమిషం ఆగండి. సంచిలో లేదు. నడుం పట్టీలో లేదు. ఆ... ఇదిగో, ఎడమ కాలి మడతలో ఉండిపోయింది. పన్నెండు.