రంగు తగ్గిందంటే అది ఫ్లోరైడేనా?

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీలో ఇన్‌స్ట్రుమెంటల్ అనాలిసిస్ పేపరంటే ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో చెప్పే బీర్-లాంబర్ట్ సూత్రం రాసి, పరికరం బొమ్మ గీసి, నాలుగు ఉపయోగాలు రాస్తే మార్కులు వచ్చేస్తాయి. ఇవాళ ఆ బొమ్మ జోలికి వెళ్లను. పరికరం చూపించే అంకె దేని గురించి చెబుతోంది, అదొక్కటే మాట్లాడతాను, ఎందుకంటే ద్రావణం గుండా కాంతిని పంపి కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌కి ఫ్లోరైడ్ అంటే తెలీదు, సీసం అంటే తెలీదు, దానికి తెలిసిందల్లా ఎంత కాంతి లోపలికి వెళ్లింది, ఎంత బయటికి వచ్చింది అన్నదే. ఆ కాంతిని తగ్గించింది ఎవరో తేల్చే బాధ్యత పూర్తిగా మనదే.

ఇది పాత ప్రశ్నే. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ మన గుంటూరుకి వచ్చి, కాంతిని రంగుల గీతలుగా విడదీసే స్పెక్ట్రోస్కోప్‌తో చూశాడు. ఆ గ్రహణంలో సూర్యుడి అంచున కనిపించిన గీతల్లో పసుపుది ఒకటుంది. పసుపు గీత అనగానే సోడియం అనుకోవడం సహజం. కానీ సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి, ఇదేమో 587.6 దగ్గర. దగ్గరి గీతకీ దీనికీ ఒకటిన్నర నానోమీటర్ తేడా కూడా లేదు, అయినా ఆ కాస్త తేడాను వదిలేయకపోవడం వల్లే హీలియం మనకు తెలిసింది. 1895లో రామ్సే యురేనియం ఖనిజం నుంచి వచ్చిన వాయువులో అదే గీతను చూశాకగానీ అది భూమ్మీద కూడా ఉందని గట్టిగా తేలలేదు.

శాంపిల్‌ని మంటలో పరమాణువులుగా మార్చి అవి పీల్చే కాంతిని కొలిచే అటామిక్ అబ్జార్ప్షన్‌లో, కాంతిని తగ్గించింది ఎవరన్న ఈ ప్రశ్నకు చాలా అందమైన జవాబు దొరికింది, 1955లో ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్ ప్రచురించిన పద్ధతి అది. సీసం కొలవాలంటే సీసంతో చేసిన హాలో కాథోడ్ ల్యాంపే పెడతాం. ఆ ల్యాంపు ఇచ్చే సన్నటి గీతల్ని మంటలో ఉన్న సీసం పరమాణువులే పీల్చుకుంటాయి, పక్కనున్న ఇనుమూ కాల్షియమూ దాదాపుగా వాటి జోలికి రావు. అయినా ఉప్పు ఎక్కువున్న శాంపిల్‌లో కణాలు కాంతిని చెదరగొట్టి సీసం ఉన్నట్టే చూపిస్తాయి కాబట్టి డ్యుటీరియం ల్యాంపుతో ఆ చెదిరిన కాంతి వాటాని (బ్యాక్‌గ్రౌండ్‌ని) తీసేయాలి. ఇంతటితో దీన్ని వదిలేస్తాను, ఎందుకంటే మీలో చాలామంది రేపు ఉద్యోగంలో చేరగానే ముట్టుకునేది ఇంత ఖరీదైన మిషన్ కాదు, రంగు గాఢతను బట్టి కొలిచే మామూలు కలరీమెట్రీనే.

నల్గొండ నీళ్లనే తీసుకుందాం. ఫ్లోరైడ్‌ని ఎస్‌పీఏడీఎన్‌ఎస్ అనే రంగు పదార్థంతో 570 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. జిర్కోనియం ఆ రంగుతో కలిసి ఎర్రగా ఉంటుంది. ఫ్లోరైడ్ వచ్చి జిర్కోనియాన్ని లాగేసుకుంటే ఆ ఎరుపు తగ్గుతుంది. అంటే మనం చూసేది ఫ్లోరైడ్ రంగు కాదు, వేరేదాని రంగు ఎంత పోయిందన్నది. నీళ్లలో ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ అబ్జార్బెన్స్, అంటే ద్రావణం పీల్చే కాంతి కొలత, తగ్గుతుంది. అదీ లీటరుకు 1.4 మిల్లీగ్రాముల వరకే, అంతకు మించితే పలచన చేయాల్సిందే.

ఇప్పుడు అసలు చిక్కు. 1970లలో నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి తయారుచేసిన నల్గొండ పద్ధతిలో నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి, తేరనిచ్చి వడకడతారు. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ నిజంగా తగ్గిందా అని చూడటానికి మన దగ్గరికి పంపుతారు. పటిక నుంచి మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ని పట్టుకుని ఉంటుంది, జిర్కోనియం దాకా పోనివ్వదు. ఎరుపు తగ్గదు, మనకు ఫ్లోరైడ్ తక్కువగా కనిపిస్తుంది. బ్లీచింగ్ నుంచి మిగిలిన క్లోరిన్ తానే ఆ రంగుని చంపేస్తుంది, అప్పుడు లేని ఫ్లోరైడ్ ఉన్నట్టు వస్తుంది. నీళ్లను బాగుచేయడానికి వేసినవే కొలతను రెండు వైపులా లాగుతున్నాయి! ఇది నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది, ఎందుకంటే తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన హద్దు లీటరుకు 1.0 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకని చోట 1.5, అసలు 1.7 ఉన్న నీళ్లకు మనం 1.3 అని రాసిస్తే ఆ బిందె పిల్లల దగ్గరికే వెళ్తుంది.

క్లోరిన్‌కి సోడియం ఆర్సెనైట్ వేస్తాం, విషం కాబట్టి నోటితో పిపెట్ చేసే పాత అలవాటు పూర్తిగా మానేయండి. అల్యూమినియం ఉందన్న అనుమానం వస్తే ఒక చిన్న పని చేయండి. రంగు కలిపిన వెంటనే ఒకసారి, రెండు గంటలయ్యాక ఇంకోసారి రీడింగ్ తీయండి, ఫ్లోరైడ్ ఎంతుందో ముందే తెలిసిన స్టాండర్డ్‌లకు కూడా అదే సమయాల్లో. అల్యూమినియం పట్టు మెల్లగా సడలుతుంది, వెంటనే తీస్తే లీటరుకు 0.1 మిల్లీగ్రాము అల్యూమినియమే ఇబ్బంది పెడుతుంది, రెండు గంటలకు దాదాపు 3 మిల్లీగ్రాముల దాకా ఉన్నా సర్దుకుంటుంది. ఆ రెండు అంకెలూ కలవలేదంటే మొదటిదాన్ని నమ్మకండి. అప్పుడు డిస్టిలేషన్ చేసి ఫ్లోరైడ్‌ని విడదీయాలి, లేదా రంగుతో పని లేకుండా ఫ్లోరైడ్ అయాన్‌నే కొలిచే అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌కి మారాలి. క్యూవెట్ (శాంపిల్ పోసే చిన్న పాత్ర) మీద వేలిముద్ర తుడవడం, బ్లాంక్ (శాంపిల్ లేని ద్రావణం) పెట్టడం లాంటివి మీకు తెలిసినవే, వాటి గురించి మళ్లీ చెప్పను.

తెలిసినంత ఫ్లోరైడ్ శాంపిల్‌లో కలిపి, అంతా తిరిగి వస్తోందా అని చూడటం కూడా మంచిదే. అల్యూమినియం పట్టేసుకుంటుంటే కలిపినదాంట్లో కొంతే తిరిగి వస్తుంది, ఆ తప్పు అలా బయటపడుతుంది. కానీ క్లోరిన్ తప్పుని అది పట్టుకోదు, కలిపినదాని లెక్క సరిగ్గానే వస్తుంది, మొదటి నుంచీ ఉన్న దొంగ ఫ్లోరైడ్ అలాగే మిగిలిపోతుంది. అందుకే ముందు క్లోరిన్‌ని విడిగా పరీక్షించాలి.

మధ్యాహ్నం ల్యాబ్‌లో పటికతో శుద్ధి చేసిన నీళ్లే ఇస్తాను. రిపోర్టులో 1.2 అని రాసి వదిలేయొద్దు: ఏ పద్ధతి, క్లోరిన్ తీశారా, డిస్టిల్ చేశారా, ఎన్ని గంటలకు చదివారు, ఇవన్నీ ఆ అంకె పక్కనే రాయండి, ఎందుకంటే ఆ కాగితం చూసే పటిక ఎంత వేయాలో అక్కడివాళ్లు మారుస్తారు.