అమెరికా డిగ్రీ సీటు, పూర్వ విద్యార్థి ఇంటర్వ్యూ: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: మొదటి కాల్ కూకట్‌పల్లి నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడం. మా బాబు అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి అప్లై చేశాడు. వాడి క్లాస్‌మేట్‌కి ఇంటర్వ్యూ మెయిల్ వచ్చింది, మావాడికి రాలేదు. ఇక ఆశ లేనట్టేనా?

నిపుణురాలు: అదేం లేదమ్మా. ఈ ఇంటర్వ్యూలు చేసేది ఆ యూనివర్సిటీలోనే చదివి వెళ్లిన, జీతం తీసుకోని పాత విద్యార్థులు. వాళ్లు ఎంతమంది దొరికితే అంతమందికే పిలుపు. రానంత మాత్రాన ఫైల్లో మైనస్ పడదు. యేల్ యూనివర్సిటీ మాత్రం ఎవరి గురించి ఇంకా తెలుసుకోవాలనుకుంటుందో వాళ్లని ముందు పిలుస్తుంది. ఇంతకీ అప్లికేషన్‌లో ఇచ్చిన మెయిల్ ఐడీ ఎవరిది?

కాలర్: కన్సల్టెన్సీ వాళ్లే పెట్టారండీ.

నిపుణురాలు: చూశారా! ఆ పాత విద్యార్థి చాలాసార్లు తన సొంత మెయిల్ నుంచే రాస్తాడు. అది స్పామ్‌లో పడుతుంది, కన్సల్టెన్సీలో ఎవరూ తెరవరు. పాస్‌వర్డ్ తీసుకుని ఇవాళే స్పామ్ వెతకండి. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో బాబు అప్లికేషన్ పేజీ ఉంటుంది కదా, ఆ అప్లికెంట్ పోర్టల్‌లో బాబు సొంత మెయిల్ ఇవ్వండి.

యాంకర్: అన్ని యూనివర్సిటీల్లోనూ ఉంటుందా మేడం?

నిపుణురాలు: లేదండీ. కొలంబియా 2023లో ఆపేసింది. బ్రౌన్ చిన్న వీడియో పంపమంటుంది. జార్జ్‌టౌన్‌లో మాత్రం, దగ్గర్లో పాత విద్యార్థి దొరికితే ఇంటర్వ్యూ తప్పనిసరి.

యాంకర్: విజయవాడ నుంచి విద్యార్థి లైన్లో ఉన్నారు.

కాలర్: మేడం, ఎంఐటీ ఇంటర్వ్యూ. జనవరిలో, శనివారం రాత్రి ఎనిమిదికి అన్నారు. ఇంటర్వ్యూ చేసే సార్ బోస్టన్‌లో ఉంటారు.

నిపుణురాలు: అంటే మనకు ఆదివారం పొద్దున ఆరున్నర బాబూ. శనివారం రాత్రి లాప్‌టాప్ ముందు కూర్చుంటే ఎవరూ రారు! చలికాలంలో తేడా పదిన్నర గంటలు. నవంబర్ మొదటి ఆదివారం దాకా తొమ్మిదిన్నరే. భారత సమయం కూడా రాసి మెయిల్లో ఖాయం చేసుకో.

కాలర్: నా మార్కులు చూసే ఉంటారా?

నిపుణురాలు: సాధారణంగా ఇంటర్వ్యూ చేసేవాళ్లకి నీ ఎస్సేలు, మార్కులు పంపరు. పేరు, స్కూలు, సంప్రదించే వివరాలు, అంతే. కాబట్టి ‘ఎస్సేలో రాశాను కదా సార్’ అనకు. అరగంట నుంచి గంట మాట్లాడతారు, తర్వాత ఆయన నీ గురించి యూనివర్సిటీకి రిపోర్ట్ రాయాలి. ‘నాకు రోబోటిక్స్ ఇష్టం’ అంటే ఆయన రాయడానికి ఏమీ ఉండదు. ఏ మోటార్ కాలిపోయింది, ఎందుకు కాలింది, తర్వాత ఏం మార్చావు, అది చెప్పు. అలాంటివి మూడు చాలు. బట్టీ మాత్రం వద్దు, రెండో ప్రశ్నకే దొరికిపోతావు. ఆయన్ని అడగడానికీ రెండు ప్రశ్నలుంచుకో, వెబ్‌సైట్‌లో జవాబు లేనివి.

యాంకర్: గుంటూరు నుంచి ఒక తండ్రి.

కాలర్: మా అమ్మాయి పక్కన నేను కూర్చోవచ్చా? సర్టిఫికెట్లు పంపాలా? అసలు దీనికి వెయిటేజీ ఎంత?

నిపుణురాలు: కూర్చోవద్దు సార్, గదిలోనే ఉండొద్దు. కెమెరాలో పాప కళ్లు మీవైపు తిరుగుతూనే ఉంటాయి. సర్టిఫికెట్లు అడిగితేనే పంపండి. వెయిటేజీ తక్కువే. ఆసియా మూలాల పిల్లలపై అడ్మిషన్లలో వివక్ష చూపుతోందని హార్వర్డ్ యూనివర్సిటీపై వేసిన కేసు విచారణలో, 2018లో బయటపడింది కదా: వ్యక్తిత్వం విషయంలో పాత విద్యార్థులు ఆసియా మూలాల పిల్లలకి ఇచ్చిన రేటింగులు తెల్లపిల్లలకి దాదాపు సమానం. చాలామందిని కలవనే కలవని అడ్మిషన్ ఆఫీసు ఇచ్చినవే తక్కువ. రిపోర్ట్ ఎంత బాగున్నా చివరి మాట ఆఫీసుదేనండీ.

కాలర్: అయ్యాక ఫోన్ చేసి కనుక్కోవచ్చా?

నిపుణురాలు: వద్దు. మర్నాటికల్లా పాపే రెండు లైన్ల థాంక్యూ మెయిల్ పెడితే చాలు. సీటు సంగతి ఆయనకీ తెలియదు.