కాటా మీద ట్రే

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. సాక్ష్యం చెప్పమని పాస్టర్ గారు పిలిచినప్పుడు, నా ఆపరేషన్ సంగతి చెబుతాననుకుని ఉంటారు. అది పోయినేడాది చెప్పేశాను. ఇవాళ నా కిరాణా కొట్టు సంగతి చెబుతాను. మీలో సగం మంది నా దగ్గర పప్పూ ఉప్పూ కొన్నవాళ్లే కాబట్టి, ఇది చెప్పడమే కాస్త కష్టం.

మన ఒంగోలు సంఘాల్లో 2,222 అనే అంకె తెలియనివాళ్లు ఉండరు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే అంతమంది బాప్తిస్మం తీసుకున్నారు. ప్రతి పండగలో చెప్పుకుంటాం, చప్పట్లు కొడతాం. నాకు మాత్రం ఆ అంకె కంటే దాని ముందు జరిగిందే పెద్దగా కనిపిస్తుంది. 1876 నుంచి కరువు. ఒంగోల్లో పనిచేసిన అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని చూపించాడు. ఆ పనిలో ఉన్నవాళ్లు బాప్తిస్మం అడిగితే ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని, కరువు సాయం ముగిసేదాకా ఆపాడు.

ఇంకో సంగతి. అప్పట్లో విశ్వాసంలోకి వచ్చిన మాదిగ కుటుంబాలకు పెట్టిన నియమాలు మూడే: విగ్రహాలకు మొక్కొద్దు, ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. ఇప్పుడు వింటే చిన్నవిగానే అనిపిస్తాయి. కానీ ఆ రోజుల్లో ఊళ్లో గొడ్డు చస్తే ఎత్తుకెళ్లడం, తోలు తీసి చెప్పులూ మోట తోలూ కుట్టివ్వడం వాళ్ల మీద ఊరు పెట్టిన చాకిరీ. ఆదివారం పనికి రామన్నా, ఈ మాంసం ముట్టమన్నా ఊరి పెద్దలకు కోపం. కూలి పోయేది, దెబ్బలు కూడా పడేవి. మన పెద్దల విశ్వాసం మొదట తెలిసింది గుళ్లో కాదు, కుండలో ఏం ఉడుకుతోందన్న దగ్గర.

వాళ్ల మనవళ్ల మనవణ్ణి నేను. కొట్టులో గోడకి వాక్యం క్యాలెండరు. పొద్దున్నే సెల్‌ఫోన్‌లో పాటలు. పక్కనే ఎలక్ట్రానిక్ కాటా, దాని మీద ఒక ప్లాస్టిక్ ట్రే. ట్రే పెట్టాక సున్నా నొక్కాలి. నేను నొక్కేవాణ్ణి కాదు. ట్రే బరువు 60 గ్రాములు. అంకెలు నా వైపే తిరిగి ఉండేవి. కిలో చింతపండు అంటే 940 గ్రాములు. అబద్ధం ఒక్కటీ ఆడలేదు, అదీ నా ధైర్యం! 'దొంగత్రాసు యెహోవాకు హేయము' అన్న వాక్యం సండే స్కూల్లో కంఠతా పట్టి బహుమతి కూడా తీసుకున్నాను.

మన సంఘంలోనే ఒక పెద్దావిడ ఉంది. పేరు చెప్పను. ఒకసారి నా దగ్గర కొన్న చింతపండు ఇంకో కొట్లో తూకం వేయించిందట. నాతో ఏమీ అనలేదు. ఆ ఆదివారం ప్రభువు బల్ల దగ్గర నా పక్కనే మోకరించింది. లేచేటప్పుడు నా చెయ్యి పట్టుకుని లేచి, "వందనాలు బాబూ" అంది. తూకం సంగతి వారం తర్వాత ఆ కొట్టాయన నవ్వుతూ చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. గొడవ పెట్టుకున్నా బాగుండేది.

బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య, యేసు పిలిస్తే మేడిచెట్టు దిగాక తన పాపాల గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. పశ్చాత్తాపానికి లెక్క ఉంటుందని నాకు అక్కడ అర్థమైంది. ఆవిడ నా దగ్గర ఎన్నేళ్లుగా కొంటోందో గుర్తుచేసుకుంటూ, పప్పు ఎంత, చింతపండు ఎంత అని కాగితం మీద వేసుకున్నాను. నాలుగంతలు కట్టి, సంచి పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ట్రే సంగతి అంతా చెప్పాను.

ఆవిడ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు. అంతా విని, "మరి నా ఒక్కదానికేనా బాబూ?" అంది.

కాటా ఇప్పుడు కొనేవాళ్ల వైపు తిరిగి ఉంది. నా దగ్గర పాత ఖాతా పుస్తకాలు మూడున్నాయి. వాటిలో ఉన్న ఇళ్లకు ఒక్కొక్కటిగా వెళ్తున్నాను, ఇప్పటికి 41 అయ్యాయి. పుస్తకంలో లేనివాళ్లూ, నగదుకి కొన్నవాళ్లూ మీలో ఉంటే, ప్రార్థన అయ్యాక దయచేసి గేటు దగ్గర నన్ను కలవండి.