ఆఫీసు రాయదుర్గంలో, ఇల్లు నాగోలులో: హైదరాబాద్ శివార్లలో ఎక్కడుంటే సుఖం?

నమస్కారం అండీ. నా వెనక కనిపిస్తున్నది నాగోలు మెట్రో స్టేషన్. టైం పొద్దున ఎనిమిదింపావు. "ఆఫీసు రాయదుర్గంలో పెట్టుకుని ఇల్లు నాగోలులో తీసుకున్నావా, మతి పోయిందా?" అని మా బావ ఏడాదిగా నన్ను ఆడుకుంటున్నాడు. ప్రతి పండక్కీ ఇదే పాట. ఇక నోటితో చెప్పి లాభం లేదని వీడియోనే చేస్తున్నా.

ముందే చెప్తున్నా, ఇది ప్రమోషన్ కాదు. ఏ బిల్డరూ రూపాయి ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే కొల్లూరు గురించి ఇంకాస్త తీపిగా మాట్లాడేవాణ్ణేమో, తెలీదు.

నేను అంతకుముందు మూడేళ్లు మియాపూర్‌లో అద్దెకున్నా. మ్యాప్‌లో చూస్తే మియాపూర్ నుంచి హైటెక్ సిటీ చెయ్యి చాపితే అందేంత దూరం. పైగా మెట్రో ఉంది కదా, ఇంకేం కావాలి అనుకున్నా. మొదటి రోజు రైలెక్కాక అర్థమైంది. మియాపూర్ ఉన్నది ఎర్ర లైన్ మీద, హైటెక్ సిటీ ఉన్నది నీలం లైన్ మీద. ఆ రెండూ కలిసేది అమీర్‌పేటలో. అంటే మియాపూర్ నుంచి పది స్టేషన్లు ఊళ్లోకి వచ్చి, అమీర్‌పేటలో దిగి, ఆ జనంలో మెట్లెక్కి, రైలు మారి, హైటెక్ సిటీ మీదుగా రాయదుర్గం దాకా మళ్లీ తొమ్మిది స్టేషన్లు వెనక్కి వెళ్లాలి. వాకిట్లోంచి బయల్దేరి ఊరంతా చుట్టి పెరట్లోకి చేరినట్టు! రెండో వారానికి బండి తీశా. నాలుగో నెలకి నడుం పట్టేసింది.

ఇప్పుడు నాగోలు చూడండి. ఇది నీలం లైన్ మొదటి స్టేషన్. ఇక్కణ్ణించి రాయదుర్గం దాకా రైలు మారే పనే లేదు, 23 స్టేషన్లు, ఒకటే లైను. దూరం ఎక్కువే, కాదనను, గంటకి కాస్త తక్కువ పడుతుంది. కానీ మొదటి స్టేషన్ కాబట్టి సీటు దొరుకుతుంది. నేను రోజూ కూర్చుని వెళ్తా. సగం దారి నిద్ర, సగం దారి పాటలు. మియాపూర్‌లో ఉన్నప్పుడు ఎనిమిది కిలోమీటర్లకి ఇంచుమించు ఇంతే సమయం ట్రాఫిక్‌లో పోయేది, అదీ క్లచ్ పట్టుకుని, ముందు లారీ పొగ పీలుస్తూ.

అందుకే నేను చెప్పేది, "ఎన్ని కిలోమీటర్లు" అని అడగొద్దు, "ఎన్ని మార్పులు, కూర్చునా నిలబడా" అని అడగండి. ఇల్లు చూడ్డానికి ఆదివారం మధ్యాహ్నం అస్సలు వెళ్లొద్దు. ఏజెంటు ఆదివారమే రమ్మంటాడు, రోడ్లు ఖాళీగా ఉంటాయి కదా. మీరు మంగళవారం పొద్దున్నే ఆ వీధిలోంచి మీ ఆఫీసుకి ఒక్కసారి వెళ్లి చూడండి. ఆ ఒక్క రోజు సెలవు దండగ కాదు.

సరే, పడమటి వైపు. తెల్లాపూర్, నల్లగండ్ల, కొల్లూరు. మీ ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉండి, ఇంట్లో కారుండి, బడ్జెట్ గట్టిగా ఉంటే ఇవి మంచివే, నిజంగానే. అవుటర్ రింగ్ రోడ్డు పక్కనే. లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఉంది, 2003 నుంచి నడుస్తున్న లోకల్ రైలు, టికెట్ చవక. రైలుకీ రైలుకీ మధ్య గ్యాప్ చూసుకోవాలంతే. అయితే అక్కడి రేట్లకి ఒక లెక్కుంది. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. వంద కోట్లు పెట్టి కొన్నవాడు దాని మీద ఐదంతస్తులు కట్టి ఊరుకుంటాడా? ఆకాశం దాకా లేపుతాడు. అంతస్తులు పెరిగేకొద్దీ ఒక్కో ఫ్లాటుకి వచ్చే భూమి వాటా తగ్గుతుంది. బ్రోచర్‌లో స్విమ్మింగ్ పూల్ బొమ్మ పేజీ నిండా ఉంటుంది, యూడీఎస్, అంటే ఆ భూమి వాటా, ఎన్ని గజాలో మాత్రం భూతద్దం పెట్టి వెతకాలి. ఒకే రేటుకి రెండు ఫ్లాట్లు చూస్తున్నారంటే ముందు ఆ గజాల లెక్క పక్కపక్కన పెట్టి చూడండి.

ఇంకోటి నీళ్లు. 2024 ఎండాకాలం గుర్తుందా? మణికొండ, కొండాపూర్, నిజాంపేట, ఎటు చూసినా ట్యాంకర్లే. కింద అంతా బండరాయి, బోరు ఎంత లోతుకి వేసినా ఒక్కోసారి దుమ్మే వస్తుంది. అపార్ట్‌మెంట్‌కి వెళ్తే "మంజీర కనెక్షన్ ఉందండీ" అంటారు. కనెక్షన్ ఉంటుంది, రోజు విడిచి రోజు ఎంతసేపు వస్తాయన్నది వేరే కథ. మీరు చేయాల్సింది ఒక్కటే, ఏప్రిల్ నెల మెయింటెనెన్స్ లెక్క చూపించమనండి. డిసెంబరుది కాదు, ఏప్రిల్‌ది. అందులో ట్యాంకర్లకి ఎంత పోయిందో ఉంటుంది. చూపించడానికి నీళ్లు నమిలారంటే, ఆ ఇంట్లో నమలడానికి అవే మిగులుతాయని అర్థం.

ఇక నీళ్లు ఎక్కువైతే ఏంటన్న సంగతి. ఇది తూర్పు వైపు వాళ్లకి బాగా తెలుసు. 2020 అక్టోబరు 13. ఆ ఒక్క రోజులో ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల వాన పడింది. చెరువులు తెగి, నాలాలు పొంగి, కాలనీలకి కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నేను ఇల్లు చూడ్డానికొచ్చినప్పుడు ఓనర్ని ఆ సంగతి అడగలేదు. వీధి చివర కిరాణా కొట్టు పెద్దాయన్ని అడిగా. ఆయన లేచి వచ్చి గోడ మీద చెయ్యి పెట్టి, "గీడిదాకా వచ్చినయ్ బిడ్డా, బియ్యం బస్తాలన్నీ ఖరాబైనయ్" అన్నాడు. మోకాలికి పైన. ఆ వీధి వదిలేసి రెండు వీధులు ఎత్తుకి వచ్చి ఇల్లు తీసుకున్నా. ఏ వెబ్‌సైటూ నాకు ఆ గోడ చూపించలేదు.

కొనేవాళ్లు ఇంకా జాగ్రత్త. 2024 జులైలో హైడ్రా, అదే చెరువుల ఆక్రమణలు కూలగొట్టే ప్రభుత్వ సంస్థ, వచ్చాక ఎఫ్‌టీఎల్ అనే మాట ఆటో అన్నలకి కూడా తెలిసింది. చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత. పెద్ద చెరువైతే దాని చుట్టూ ఇంకో 30 మీటర్ల బఫర్. ఆ సెప్టెంబరులో కూకట్‌పల్లి నల్లచెరువు దగ్గరా, అమీన్‌పూర్ వైపూ కట్టడాలు కూలగొట్టడం టీవీలో చూసే ఉంటారు. పర్మిషన్ కాగితం చూపించి "అన్నీ క్లియర్ సార్" అంటే సరిపోదు, సర్వే నంబరు తీసుకెళ్లి నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ చెరువుల మ్యాపుతో పోల్చి చూసుకోవాలి. మన ఊళ్లో సగం పేర్లు మనకి ముందే చెప్తున్నాయి కూడా, కుంట, చెరువు, తలాబ్ అని. పేరులో కుంట ఉన్న కాలనీలో సెల్లార్ పార్కింగ్ ఉన్న ఫ్లాటు కొనేటప్పుడు నాలుగుసార్లు ఆలోచించండి.

మిగతావి చకచకా చెప్పేస్తా. ఎల్‌బీ నగర్, వనస్థలిపురం: విజయవాడ వైపు ఊరున్నవాళ్లకి హాయి, సంక్రాంతికి సగం సిటీ దాటే బాధ తప్పుతుంది. పంతంగి టోల్‌గేటు బాధ మాత్రం ఎవరికీ తప్పదు. ఎల్‌బీ నగర్ దాకా మెట్రో ఉంది, కానీ హైటెక్ సిటీకి వీళ్లూ అమీర్‌పేటలో మారాల్సిందే. సైనిక్‌పురి, ఏఎస్ రావు నగర్: చెట్లు, నిశ్శబ్దం, రిటైరైనవాళ్లకి చాలా బాగుంటుంది, మెట్రో లేదు. కొంపల్లికీ మెట్రో లేదు, నాగ్‌పూర్ హైవే ట్రాఫిక్ మాత్రం ఉంది. శంషాబాద్‌లో ఉండి నెలకోసారి విమానం ఎక్కేవాళ్లు నా వీడియో చూసే అవసరం లేదు.

నాగోలు గొప్పలే చెప్పి వదిలేస్తే మా బావ ఊరుకోడు. పక్కనే మూసీ. గాలి ఇటు తిరిగిందంటే వాసన ఇంట్లోకొస్తుంది. ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ ఉంటే ఆ సాయంత్రం బయటికి వెళ్లడం మర్చిపోండి. ఉప్పల్ నుంచి నారపల్లి ఫ్లైఓవర్ 2018లో మొదలుపెట్టారు, ఏళ్ల తరబడి ఆ పిల్లర్ల మధ్య దుమ్ము తిన్నది బోడుప్పల్, పీర్జాదిగూడ జనమే. అందుకే ఇల్లు బోడుప్పల్ లోపలికి తీసుకుంటే మెట్రో దాకా రావడమే పెద్ద ప్రయాణం. నేను స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో చూసుకున్నా, అద్దె కాస్త ఎక్కువైనా సరే. అయినా మియాపూర్‌లో రెండు బెడ్‌రూములకి ఇచ్చిన డబ్బుకి ఇక్కడ మూడు వచ్చాయి.

మాకు ఇది కుదరడానికి ఇంకో కారణం ఉంది. మా ఆవిడ తార్నాకలో టీచరు, ఇదే రైల్లో నాకంటే ముందే దిగిపోతుంది. మా నాన్న భువనగిరి దగ్గర ఊళ్లో ఉంటాడు, బస్సెక్కితే నేరుగా ఉప్పల్‌లో దిగుతాడు. మీ ఆవిడ ఉద్యోగం గచ్చిబౌలిలో ఉండి, మీ ఊరు సంగారెడ్డి అవతల ఉంటే, నాగోలు మీకు శుద్ధ దండగ. మీరు తెల్లాపూర్ వైపే చూసుకోండి, నేనేం అనుకోను.

ఇది మా హాలు, సాయంత్రం ఐదున్నర. నాగోలు గురించి ఇంకొకటి చెప్పడం మర్చిపోయా, ఇదిగో, చెవి దగ్గర పాడుతోంది. మూసీ దోమలు డ్యూటీ ఎక్కాయి. కిటికీలు వేసుకోవాలి, ఉంటా.