ఇనుప చెప్పులేసుకున్న హమాలీ: క్రాలర్ గేర్‌బాక్సు అప్‌గ్రేడ్ అంటే అసలేంటి?

నమస్తే అండి. బల్ల మీద ఉన్నది నా క్రాలర్ గేర్‌బాక్సు (క్రాలర్ అంటే రాళ్ళూ కొండలూ మెల్లగా ఎక్కే రిమోట్ బొమ్మ బండి), పక్కన స్టీలు పళ్లెంలో ఉన్నవి దాని పేగులు. ఇవాళ కొంచెం చిరాగ్గా ఉన్నాను, ఎందుకో చెప్తా. పోయిన ఆదివారం విజయవాడ నుంచి ఒక తమ్ముడు బండి పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "అన్నా, ట్రాన్స్‌మిషన్ మొత్తం అప్‌గ్రేడ్ చేయించా, అయినా రాయి ఎక్కట్లేదు, మోటారు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది" అన్నాడు. ఏం చేశావురా అంటే, లోపలి ప్లాస్టిక్ గేర్లన్నీ తీసేసి స్టీలువి వేశాడట. పళ్ళెన్ని అని అడిగా. పాతవాటికి ఎన్నో వీటికీ అన్నే అన్నాడు. మరి మారిందేంటి నాయనా?

ఈ మాట నేను వినడం ఇది మొదటిసారైతే కాదు. స్టీలు వేస్తే బలం పెరుగుతుంది అనుకుంటారు. పెరిగేది గేరు బలం, బండి బలం కాదు. ఈ రెండింటికీ తేడా చెప్పడానికే ఈ వీడియో.

నేను గుంటూరు వాణ్ణి, నాకు మిరపయార్డు దాటి ఉదాహరణలు రావు. లారీకి ఏటవాలుగా ఆనించిన చెక్క మీద హమాలీ టిక్కీ, అదే మిరపకాయల బస్తా, మోసుకెళ్తుంటాడు చూడండి, 40 కేజీల పైచిలుకు. కింద నేల మీద ఎలా నడిచినా, చెక్క ఎక్కేటప్పుడు ఎలా నడుస్తాడు? చిన్న చిన్న అడుగులు. మనిషి అదే మనిషి, బలం అదే బలం, అడుగు పొట్టిదైంది కాబట్టి బరువు పైకెళ్తోంది. మీ మోటారు ఆ హమాలీ. గేర్ రేషియో అంటే అతని అడుగు పొడుగు. మా తమ్ముడు చేసిందేంటంటే, హమాలీని అవే పెద్ద పెద్ద అంగలు వెయ్యమని చెప్పి, కాళ్ళకి ఇనుప చెప్పులు తొడిగాడు. చెప్పు తెగదు, నిజమే. ఎక్కుతాడా?

ఇప్పుడు అడుగు పొడుగు లెక్క చూద్దాం. మోటారు షాఫ్టు మీద ఉండే చిన్నది పినియన్, దానికి ఆనుకుని తిరిగే పెద్దది స్పర్. స్పర్‌కి 56 పళ్ళు, పినియన్‌కి 14 అనుకోండి, 56ని 14తో భాగిస్తే 4. అంటే మోటారు 4 చుట్లు తిరిగితే స్పర్ ఒక్క చుట్టు. తర్వాత గేర్‌బాక్సు లోపలి గేర్లు ఇంకో 2.6 రెట్లు తగ్గిస్తాయి అనుకుందాం. చివర యాక్సిల్లో 13 పళ్ళ గేరు 38 పళ్ళ గేరుని తిప్పుతుంది, అది 2.92. మూడూ గుణించండి, సుమారు 30.4 వస్తుంది. మోటారు 30 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. మీ బండికి ఈ అంకెలు వేరుగా ఉంటాయి, విప్పి పళ్ళు లెక్కపెట్టుకోండి, పది నిమిషాల పని.

ఇప్పుడు గేర్‌బాక్సు ముట్టుకోకుండా, బయటున్న ఆ 14 పళ్ళ పినియన్ పీకేసి 11 పళ్ళది వెయ్యండి. 56ని 11తో భాగిస్తే 5.09, మొత్తం రేషియో 38.6 దాకా వెళ్తుంది. చక్రం దగ్గర తిప్పే బలం 27 శాతం పెరిగింది. ఖర్చు? ఇద్దరు కూర్చుని తినే టిఫిన్ డబ్బులు. వేగం తగ్గదా అంటే తగ్గుతుంది. మోటారు నిమిషానికి 12,000 చుట్లు తిరుగుతుంది, టైరు 115 మిల్లీమీటర్లది అనుకుంటే, ముందు గంటకి ఎనిమిదిన్నర కిలోమీటర్లు పోయేది, ఇప్పుడు ఆరున్నర పైచిలుకు పోతుంది. మనిషి నడిచేదే గంటకి ఐదు. క్రాలర్ పక్కన మీరు నడుస్తూ పోవాలి కానీ దాని వెనకాల పరిగెత్తడమేంటి? పరిగెత్తే బండి కావాలంటే బగ్గీ కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు.

అసలు మజా ఇక్కడుంది. మోటారు ఎందుకు కాలుతోంది? అదే రాయి, అదే బరువు. అడుగు పొట్టిదైతే మోటారు పెట్టాల్సిన బలం 21 శాతం తగ్గింది, అంటే లాగే కరెంటూ దాదాపు అంతే తగ్గింది. కానీ మోటారు లోపలి తీగ చుట్టలో పుట్టే వేడి కరెంటుతో పాటు సమానంగా తగ్గదు, కరెంటు వర్గంతో తగ్గుతుంది. 0.79ని 0.79తో గుణించండి, 0.62. ఆ చుట్టలో వేడి మూడో వంతుకి పైగా పోయింది, మూడు పళ్ళు తీసేసినందుకు! గుంటూరు ఎండల్లో, మే నెలలో, రాయి కూడా కాలుతుంటే ఈ మూడో వంతు చిన్న విషయం కాదండి. ఎస్కలేటర్ ఎక్కినట్టు రయ్యిమని వెళ్ళాలని 14 పెట్టుకుని, చల్లారడానికి మోటారు మీద ఫ్యాను బిగించే వాళ్ళని చూస్తే నాకు... సరే వదిలేద్దాం.

ఇంకో లాభం, దిగేటప్పుడు. యాక్సిలరేటర్ వదిలితే మోటారే బ్రేకు పట్టుకుంటుంది కదా, ఆ పట్టు కూడా రేషియోతో పెరుగుతుంది. ఏటవాలు బండ మీద బండి జారకుండా బల్లిలా అతుక్కుంటుంది.

పినియన్ కొనేటప్పుడు రెండు చూసుకోండి. ఒకటి బొక్క సైజు. ఈ బండ్లలో మామూలుగా ఉండే 540 సైజు మోటారు షాఫ్టు 3.17 మిల్లీమీటర్లు, 3 కాదు. నేను మొదట్లో 3 మిల్లీమీటర్లది తెచ్చుకుని ఆటోనగర్లో లేత్ మిషన్ ఆయన దగ్గరకి పట్టుకెళ్ళా. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని, కళ్ళజోడు పైకెత్తి చూసి, "ఇది ఏ బండిదండీ?" అన్నాడు. కొండలెక్కే బండిదండీ అన్నాను. సాయంత్రం దాకా దాన్ని షాపులో అందరికీ చూపించారు. రెండోది పిచ్, అంటే పళ్ళు ఎంత సన్నగా ఉన్నాయో చెప్పే అంకె. 32 పిచ్ స్పర్‌కి 48 పిచ్ పినియన్ కలవదు, పళ్ళ సైజే వేరు, బలవంతంగా పెడితే గంటలో పిండి. 0.8 మాడ్యూల్ (పళ్ళ సైజుకే మిల్లీమీటర్ల కొలత) అని రాసి ఉంటే మాత్రం 32 పిచ్‌తో కలుస్తుంది, ఎందుకంటే అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు, దాన్ని 32తో భాగిస్తే 0.79, దాదాపు అదే.

మరి స్టీలు గేర్లు దండగా? దండగ అనలేదు. ఎక్కడ వెయ్యాలో తెలిసి వెయ్యాలి అంటున్నా. మళ్ళీ మన హమాలీ దగ్గరకి రండి. మామూలు చెప్పులేసుకున్నాడు, చెక్క సందులో కాలు ఇరుక్కుంది, చెప్పు తెగింది, ఇంకోటి కొనుక్కున్నాడు. ఇనుప చెప్పు అయితే తెగదు, కాబట్టి మడమ తిరుగుతుంది. మడమకి పట్టీ కడితే మోకాలు పోతుంది. దెబ్బ ఎక్కడో ఒకచోట తగలక తప్పదు, ఎక్కడ తగలాలో ముందే మనం నిర్ణయించుకోవాలి. ఇది నాకు పుస్తకం చదివితే తెలియలేదు, కొండవీడులో తెలిసింది. లోపలా బయటా అంతా స్టీలు వేసుకుని, ఘాట్ రోడ్డు పక్కన రాళ్ళ మీద ముందు చక్రం ఇరుక్కుంటే యాక్సిలరేటర్ నొక్కి పట్టుకున్నా. టక్ మని ఒక్క చప్పుడు. గేర్‌బాక్సు భేషుగ్గా ఉంది. ముందు యాక్సిల్లో పెద్ద గేరుకి నాలుగు పళ్ళు లేవు. అది మార్చాలంటే చక్రాలు, నకిల్స్, షాఫ్టులు అన్నీ విప్పాలి. రాయి మీద కూర్చుని మజ్జిగ తాగి ఇంటికొచ్చా.

అందుకని నా పద్ధతి ఇది, మీకు నచ్చకపోతే మీ ఇష్టం: గేర్‌బాక్సు లోపల స్టీలు, బయట స్పర్ మాత్రం ప్లాస్టిక్. పోతే అదే పోవాలి. నాలుగు స్క్రూలు విప్పితే చేతికొస్తుంది, జేబులో ఇంకోటి పెట్టుకోవచ్చు. అల్యూమినియం గేర్లు అని రంగు రంగులవి అమ్ముతారు, తేలిగ్గా ఉంటాయి, ఫొటోలో బాగుంటాయి, పళ్ళు మాత్రం త్వరగా అరుగుతాయి, నేను వాటి జోలికి పోను. స్పర్ పక్కన స్ప్రింగుతో ఉండేది స్లిప్పర్ క్లచ్, దాన్ని పూర్తిగా బిగించేసేవాళ్ళు ఉన్నారు. బరువు మరీ ఎక్కువైతే హమాలీ టిక్కీని కింద పడేస్తాడు, నడుం విరగ్గొట్టుకోడు. స్లిప్పర్ చేసేది ఆ పనే. చక్రం ఇరుక్కున్నప్పుడు పళ్ళు పోయేలోపు అది జారాలి, మామూలుగా ఎక్కేటప్పుడు జారకూడదు, ఆ మధ్యలో ఎక్కడో బిగించాలి.

ఇక మా తమ్ముడి రెండో ఫిర్యాదు, యాక్సిలరేటర్ నొక్కగానే బండి ఒక పక్కకి ఒరుగుతోంది అని. దీన్ని టార్క్ ట్విస్ట్ అంటారు. గేర్‌బాక్సు నుంచి యాక్సిల్‌కి వెళ్ళే షాఫ్టు తిరుగుతూ బాడీని ఎదురుదిశలో మెలితిప్పుతుంది. పినియన్ మార్చితే ఇది తగ్గదు! చాలామంది తగ్గుతుందనుకుంటారు. అదే రాయి ఎక్కడానికి చక్రానికి కావలసిన బలం అదే, ఆ బలం షాఫ్టు గుండానే పోవాలి. షాఫ్టు మీద బరువు తగ్గాలంటే తగ్గింపు షాఫ్టు దాటాక జరగాలి, అంటే యాక్సిల్లో, లేదా చక్రం దగ్గర. హమాలీ భాషలో చెప్పాలంటే, దారంతా చిన్న చిన్న మూటలుగా తెచ్చి లారీ దగ్గరకొచ్చాకే టిక్కీ కట్టడం. ట్రాక్సాస్ కంపెనీ టీఆర్ఎక్స్-4 క్రాలర్‌కి చక్రాల దగ్గర పోర్టల్ గేర్లు ఉండేది అందుకే, యాక్సిల్ పైకి లేచి కింద రాళ్ళు తగలకపోవడం ఒక లాభమైతే, షాఫ్టు మీద మెలిక తగ్గడం రెండోది. అందరూ మొదటిదే చెప్తారు, నాకు రెండోదే ముద్దు.

అయ్యో, టైమ్ చూస్తే చాలా అయింది, కెమెరా బ్యాటరీ కూడా ఎర్రగా మెరుస్తోంది. మిగిలినవి గబగబా.

ఓవర్‌డ్రైవ్: ముందు చక్రాలు వెనకవాటికంటే కొద్ది శాతం ఎక్కువ తిరిగేలా గేర్లు మార్చడం. ఇద్దరు మోస్తుంటే ముందువాడు కాస్త లాగుతున్నట్టు. నిట్టనిలువు రాయి మీద బండి వెనక్కి తిరగబడకుండా, మలుపు చిన్నదిగా తిరగడానికి పనికొస్తుంది. కానీ సిమెంటు రోడ్డు మీద టైర్లు జారవు కాబట్టి ముందూ వెనకా కొట్లాడుకుంటాయి, షాఫ్టులు అరుగుతాయి. ఇంటి మేడ మీదే ఎక్కువ తిప్పేవాళ్ళకి వద్దు.

రెండు స్పీడుల గేర్‌బాక్సు: బాగుంటుంది, గేరు మార్చడానికి ఇంకో సర్వో, అంటే చిన్న మోటారు, కావాలి, రిమోట్లో ఇంకో ఛానెల్ కావాలి. దాని గురించి ఇంకోసారి.

బేరింగులు: లోపల ఇత్తడి బుష్షులుంటే తీసేసి బాల్ బేరింగులు వెయ్యండి. 5×10×4, 5×11×4 రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, మీ బండిలో ఏది ఎక్కడుందో కొలుచుకున్నాకే కొనండి. బేరింగు పక్కన గోరంత పల్చటి రింగు ఉంటుంది, షిమ్ము అంటారు, విప్పేటప్పుడు గ్రీజుకి అంటుకుని వచ్చేస్తుంది, జాగ్రత్త.

గ్రీజు: పళ్ళకి పల్చగా రాస్తే చాలు. గుప్పెడు కూరితే మోటారు ఆ గ్రీజునే చిలుకుతూ కూర్చుంటుంది. బ్యారేజీ కింద కృష్ణ ఇసకలో తిప్పారా, ఆ వారమే విప్పి కడగండి, ఇసక కలిసిన గ్రీజు ఆకురాయితో సమానం.

మెష్, అంటే పళ్ళ మధ్య సందు: పినియన్‌కీ స్పర్‌కీ మధ్య సన్న కాయితం ముక్క పెట్టి, మోటారుని నొక్కి బిగించి, కాయితం తిప్పి తీసేయండి. మడతలు పడాలి, చిరక్కూడదు. పినియన్ స్క్రూ షాఫ్టు చదును మీదే కూర్చోవాలి, దానికి నీలం లాక్, అదే స్క్రూ ఊడకుండా పట్టే జిగురు, ఒక్క చుక్క. ఎర్రది వాడితే మళ్ళీ మీరు విప్పలేరు. ప్లాస్టిక్‌కి ఏదీ తగలనివ్వద్దు, పగుళ్ళొస్తాయి.

అంతే, మూసేస్తున్నా. నాలుగు స్క్రూలు... మూడు... ఇదిగో ఇది నాలుగోది. చేత్తో తిప్పితే చూడండి ఎంత తేలిగ్గా... ఆగండాగండి, ఈ చప్పుడేంటి? పళ్లెంలో ఇంకా ఏదో ఉంది.

షిమ్ము.